చీమల బారును చంపితే చీమలు పోవు

చీమలకు చిట్కాల జాబితా ఒకటి ఫోన్లలో మళ్ళీ చక్కర్లు కొడుతోంది. వెనిగర్ చల్లమంటుంది, దాల్చినచెక్క పొడితో గీత గీయమంటుంది, నిమ్మతొక్కలు పెట్టమంటుంది, బేకింగ్ సోడాలో పంచదార కలిపి ఎరగా ఉంచమంటుంది, పొడి రవ్వ చల్లితే తిని పొట్ట పగిలి చస్తాయంటుంది. పైన పెద్ద అక్షరాలతో "రసాయనాలు వద్దు" అని శీర్షిక. ఆ శీర్షికతో నాకు పేచీ లేదు. పసిపిల్లలు పాకే నేల మీద, కూరలు తరిగే గట్టు మీద పురుగులమందు కొట్టకూడదనే నేనూ అంటాను. పేచీ దాని కింద ఉన్న చిట్కాలతోనే. స్ప్రే డబ్బా ఏ పొరపాటు చేస్తుందో, ఈ జాబితా అదే పొరపాటును వంటింటి సరుకులతో చేయిస్తుంది. రెండూ కంటికి కనబడే బారు మీదే పడతాయి. అక్కడున్న చీమలు పోతాయి, మర్నాడు పక్క సందులోంచి ఇంకో బారు వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో పురుగుల విషయంలో క్షణాల్లో ఫలితం చూపించే పద్ధతి ఏదైనా సరే, ఫ్యాక్టరీలో తయారైనదైనా, తోటలో పండినదైనా, అనుమానించాలి. అసలు పని జరగాల్సింది మన కంటికి కనబడని చోట, మెల్లగా. ఆ నిదానాన్ని ఓర్చుకోలేకే చాలామంది ఘాటు మందుల దాకా వెళ్తున్నారని నా నమ్మకం.

## బారు వెనక ఏముంది

బయట తిరిగే చీమలు మొత్తం గూటిలో చిన్న భాగం. అవి కూడా శ్రామిక చీమల్లో వయసు మీరినవి. తిండి కోసం బయటికి వెళ్ళడం ప్రమాదమున్న పని కాబట్టి అది చివరి రోజుల్లో ఉన్నవాటి వంతుకు వస్తుంది. రాణి, గుడ్లు, లార్వాలు, వాటిని సాకే లేత చీమలు లోపలే ఉంటాయి: గోడ సందులో, నేల పలకల కింద, కిటికీ చట్రం వెనక, లేదా ఇంటి బయట మట్టిలో. గట్టు మీద రెండు వందల చీమలను మట్టుబెడితే గూడు పోగొట్టుకున్నది ఎలాగూ త్వరలో పోయేవాటినే. రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది.

మామూలు స్ప్రేలలో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు. తగిలిన చీమ నిమిషాల్లో చస్తుంది, గూటికి తిరిగి వెళ్ళదు. మందు పడిన చోటును మిగతావి తప్పించుకుని ఇంకో దారి చూసుకుంటాయి. అంటే మందు గూటికి చేరే ఒకే ఒక్క మార్గాన్ని మనమే మూసేసినట్టు.

కొన్ని జాతుల్లో ఇది ఇంకా వికటిస్తుంది. ఫారో చీమ అని ఒకటుంది. 2 మిల్లీమీటర్ల పొడవు, పసుపు ఛాయ, ఆసుపత్రులకు పెద్ద తలనొప్పి. దాని గూట్లో చాలామంది రాణులుంటారు. మందు కొట్టి కలవరపెడితే ఒకరిద్దరు రాణులు, కొన్ని లార్వాలు, కొన్ని శ్రామిక చీమలు విడిపోయి వేరే చోట కాపురం పెడతాయి. ఒక గదిలో ఉన్న బెడద మూడు గదులకు పాకుతుంది. తల నల్లగా, పొట్టా కాళ్ళూ పాలిపోయినట్టు కనబడే ఇంకో చిట్టి చీమదీ ఇదే తీరు. అందుకే పసుపు రంగువో, పాలిపోయినవో మరీ చిన్న చీమలు కనబడితే స్ప్రే జోలికి అసలు పోవద్దంటాను.

ఇక చిట్కాల సంగతి. వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి తుడిస్తే చీమలు వేసుకున్న వాసన బాట చెరిగిపోయే మాట నిజమే. కానీ ఆ పని లీటరు నీళ్ళలో ఒక చెంచా పాత్రల సబ్బు వేసినా జరుగుతుంది. పైగా వెనిగర్ పాలరాయిని తినేస్తుంది. గట్టు పాలరాయిదైతే మెరుపు పోయి మచ్చలు పడతాయి, అవి మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. వాసన చెరిపినా గూటికి ఆకలి తీరదు. కొన్ని గంటల్లో కొత్త చీమ ఒకటి తిండి జాడ కనిపెట్టి కొత్త బాట వేస్తుంది. ఘాటు పొడుల గీత కూడా అంతే. కొంతసేపు అడ్డుకుంటుంది, చీమలు గీత చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి వస్తాయి. వాసన తగ్గాక గీత మీద నుంచే వస్తాయి.

మనకు వినబడని ధ్వనితో పురుగులను తరుముతామని చెప్పుకునే, ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరాలను కూడా ఈ కోవలోనే వేస్తాను. రసాయనం లేదన్న ఒక్క కారణంతో వాటిని కొనేవారు చాలామంది. 2001లో అమెరికాలో వ్యాపార మోసాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి పరికరాల తయారీదారులకు, అమ్మకందారులకు 60 మందికి పైగా హెచ్చరిక లేఖలు పంపింది, చెప్పుకుంటున్న గొప్పలకు శాస్త్రీయ ఆధారం చూపాలని. చీమల మీద, బొద్దింకల మీద వాటి ప్రభావం ఏమీ లేదనే అనుకోండి.

## ఎర నిదానంగా పనిచేయాలి

చీమకు రెండు పొట్టలున్నాయనుకోవచ్చు. ఒకటి సొంతానికి, ఒకటి గూటివారందరికీ. తాగి వచ్చిన తీపి నీటిని ఈ రెండో పొట్టలో మోసుకెళ్ళి, నోటితో నోటికి ఇతర చీమలకు పంచుతుంది. అవి ఇంకొన్నిటికి పంచుతాయి. అలా చేతులు మారి మారి రాణి దాకా, లార్వాల దాకా చేరుతుంది. మనకు కావాల్సింది ఈ పంపకంలో విషం కలిసి వెళ్ళడం. మోసుకెళ్ళే చీమ దారిలో చావకూడదు, పంచేటప్పుడు కూడా చావకూడదు, ఒకటి రెండు రోజులు మామూలుగా తిరగాలి.

పైన చెప్పిన రవ్వ కథ ఇక్కడే వీగిపోతుంది. ఎదిగిన చీమలు గట్టి పదార్థాన్ని మింగలేవు. నోటి దగ్గరున్న చిన్న సంచిలో నలకలన్నీ వడకట్టి పారేసి ద్రవాన్ని మాత్రమే లోపలికి పంపుతాయి. రవ్వ తినేది లార్వా, దానికి అది తిండే. బేకింగ్ సోడా, పంచదార పొడి మిశ్రమాన్ని నమ్మకపోవడానికీ ఇదే కారణం.

పనిచేసే ఎరకు కొలత చాలా ముఖ్యం. 1990ల్లో అమెరికాలో కీటక శాస్త్రవేత్త జాన్ క్లాట్జ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో పంచదార నీళ్ళలో 1 శాతానికి మించని బోరిక్ యాసిడ్ అనే తెల్లని విషపు పొడి గూళ్ళను దెబ్బతీయగలదని తేలింది. ఇంట్లో దానికి లెక్క ఇది: 500 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ యాసిడ్. పూర్తిగా కరిగేదాకా కలపాలి. బోరిక్ యాసిడ్ బదులు బోరాక్స్ (వెలిగారం) ఉంటే 7.5 గ్రాములు వేయాలి, ఎందుకంటే బోరాక్స్‌లో నీటి బరువు కలిసి ఉంటుంది, బోరాన్ మూలకం వాటా తక్కువ. చెంచాతో కొలవకండి. పొడి వదులుగా ఉందా, గట్టిగా అణిగి ఉందా అన్నదాన్ని బట్టి అదే చెంచాలో బరువు చాలా మారుతుంది. గ్రాములు చూపే చిన్న తూకం వాడండి.

చాలాచోట్ల కనబడే కొలత కప్పు నీళ్ళకు ఒక పెద్ద చెంచా బోరాక్స్. అది బోరిక్ యాసిడ్ లెక్కన 3, 4 శాతం దాకా పోతుంది. అంత ఘాటుంటే చీమలు ముట్టుకోకుండా వెళ్ళిపోతాయి, లేదా ఎర పక్కనే కుప్పగా చస్తాయి. ఆ కుప్పను చూసి మందు బాగా పనిచేసిందని సంబరపడేవారే ఎక్కువ. ఎర దగ్గర చచ్చిన చీమల కుప్ప కనబడిందంటే ఎర తప్పుగా కలిసిందని అర్థం. దానికి సమానంగా మామూలు పంచదార నీళ్ళు కలిపి పలచన చేయాలి.

పెట్టే తీరు కూడా చెబుతాను. మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగుకు కొంచెం పైన 3 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు పెట్టండి. లోపల దూది ఉంచి 10 మిల్లీలీటర్ల ఎర పోయండి. దూది తడిసి ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే చీమలు మునిగి చస్తాయి. డబ్బా మీద "విషం" అని రాయండి. దాన్ని బారు మీద కాకుండా, బారుకు 5 నుంచి 10 సెంటీమీటర్ల పక్కన పెట్టండి. బారు మీదే పెడితే కలవరపడి చెదిరిపోతాయి. ఒక్క చోట కాకుండా రెండు మూడు చోట్ల పెడితే మేలు.

మొదటి రోజు చీమలు తగ్గవు, పెరుగుతాయి. తిండి దొరికిందని గూటికి కబురు వెళ్ళింది కదా. ఈ పద్ధతిని సగంలో వదిలేసేవారు వదిలేసేది సరిగ్గా ఇక్కడే. గట్టంతా నల్లబడటం చూసి, ఇంట్లోవాళ్ళ మాటలు పడలేక, స్ప్రే డబ్బా అందుకుంటారు. ఆ ఒక్క పిచికారీతో ఎరకు వచ్చే బాట పోతుంది, కష్టమంతా వృథా. ఎర దగ్గరికి వచ్చే బారును తుడవకండి, దాని చుట్టుపక్కల ఏ మందూ కొట్టకండి. గట్టు మీద మిగతా తిండి మాత్రం ఒక్క మెతుకు లేకుండా చూసుకోండి, ఎరకు పోటీ ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు బారు పలచబడుతుంది. గూడు పెద్దదైతే రెండు మూడు వారాలు పడుతుంది.

ఇంకో చిక్కు ఎండిపోవడం. నీళ్ళు ఆవిరైపోతే బోరిక్ యాసిడ్ అక్కడే ఉంటుంది, ఘాటు పెరుగుతుంది. 1 శాతంగా కలిపింది సగం ఆవిరయ్యాక 2 శాతం. కాబట్టి రెండు మూడు రోజులకోసారి పాత దూది తీసేసి కొత్తది పెట్టాలి. పులిసిన వాసన వచ్చినా, బూజు పట్టినా అప్పుడే మార్చేయాలి.

## తీపి ముట్టకపోతే

కొన్నిసార్లు చీమలు తీపి వైపు కన్నెత్తి చూడవు. గూట్లో లార్వాలు ఎక్కువగా ఉన్నప్పుడు మాంసకృత్తులు, కొవ్వు కోసం తిరుగుతాయి. ఊహించడం కంటే పరీక్షించడం తేలిక. ఒక అట్టముక్క మీద దూరదూరంగా మూడు చుక్కలు పెట్టండి: పంచదార నీళ్ళు, వంటనూనె, ఉడికిన గుడ్డు సొన. గంట తర్వాత దేని చుట్టూ మూగాయో చూడండి. సొన చుట్టూ ఉంటే 1 శాతం లెక్కనే దానిలో బోరిక్ యాసిడ్ మెదపండి, అంటే 50 గ్రాముల సొనకు అర గ్రాము. ఇది ఒక్క రోజులో చెడిపోతుంది, రోజూ మార్చాలి. పది రోజుల తర్వాత అవే చీమలు మళ్ళీ తీపికి రావచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఈ మార్పు మనల్ని ఇబ్బంది పెట్టదు.

ఇంట్లో కుండీ మొక్కలుంటే ముందు ఆకుల అడుగు చూడండి. పేనుబంక, పిండినల్లి అనే పురుగులు మొక్క రసం పీల్చి తీపి జిగురు విసర్జిస్తాయి. దానికోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి కూడా. ఆ జిగురు ఊట అక్కడ ఉన్నంతకాలం మన పంచదార నీళ్ళకు గిరాకీ ఉండదు. లీటరు నీళ్ళలో 10 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలిపి ఆకుల అడుగు తడిసేలా చల్లి, కొన్ని గంటలయ్యాక మంచినీళ్ళతో కడగండి. వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు చేయాలి, గుడ్లలోంచి కొత్తవి వస్తుంటాయి కాబట్టి. ముందు ఒక్క ఆకు మీద చల్లి ఒక రోజు చూడటం మంచిది; కొన్ని మొక్కలకు సబ్బు పడదు.

## బోరిక్ యాసిడ్ రసాయనం కాదా?

ఈ ప్రశ్న వేసేవారిది న్యాయమైన ప్రశ్నే. బోరిక్ యాసిడ్ రసాయనమే, విషమే. ఐరోపా సమాఖ్య దాన్ని సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థంగా వర్గీకరించింది. పొడి డబ్బా పిల్లల చేతికి అందితే ప్రమాదం. "సహజ ఖనిజం కాబట్టి ఏమీ కాదు" అనేవారి మాట నేను ఒప్పుకోను.

అయినా దాన్నే ఎందుకు సూచిస్తున్నానంటే, ఎంత మందు ఎక్కడికి వెళ్తోందన్నది చూస్తున్నాను కాబట్టి. 10 మిల్లీలీటర్ల ఎరలో బోరిక్ యాసిడ్ 0.1 గ్రాము. అది మూత ఉన్న డబ్బాలో ఉంటుంది, గాల్లోకి లేవదు, నేల మీద పరుచుకోదు, పని అయ్యాక తీసి పారేయొచ్చు. స్ప్రే అయితే గది గాలిలో, గట్టు మీద, గుడ్డల మీద పడుతుంది, వెనక్కి తీసుకోలేం. బోరిక్ యాసిడ్‌నే గదంతా తెల్లగా చల్లితే అప్పుడు నా వాదన నిలవదు. పాకే పిల్లలో, కుక్కలూ పిల్లులో ఉన్న ఇంట్లో ఎర డబ్బా వాళ్ళకు అందే ఎత్తులో ఉండకూడదు. సింకు కింది అలమరకు గడియ వేసి లోపల పెట్టాలి. గడియ లేకపోతే ఈ ఎర వద్దు, సందులు మూసే దారి చూసుకోండి.

సహజమైనవన్నీ సౌమ్యమైనవి అనుకోవడం వల్ల జరిగే హాని చిన్నది కాదు. టీ ట్రీ నూనె లాంటి గాఢ తైలాలను విరగ్గొట్టే శక్తి పిల్లుల కాలేయానికి తక్కువ. అవి నేల మీద పూసిన నూనెలో నడిచి పాదాలు నాక్కుంటే విషమెక్కుతుంది. డయాటమేషియస్ ఎర్త్ శిలాజ నాచు పొడి. కీటకం ఒంటి మీది మైనపు పొరను పీల్చేసి, ఒళ్ళు ఎండిపోయేలా చేసి చంపుతుంది. మంచి పద్ధతే. కానీ ఈతకొలనుల ఫిల్టర్లకు వాడే రకం వేడిలో కాల్చినది, అందులో స్ఫటిక సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు కీడు. తిండి సరుకులకు వాడే రకాన్నే తీసుకుని, ముక్కుకు మాస్క్ కట్టుకుని, కనబడీ కనబడనంత పలచగా పూయాలి. గుట్టలుగా పోస్తే కీటకాలు పక్కనుంచి వెళ్ళిపోతాయి. తడి తగిలితే పనిచేయదు, సింకు కింద చల్లడం దండగ.

ఇంకో పక్క, ఘాటు మందులని మనం గుర్తించనివి బట్టల అలమరలోనే ఉన్నాయి. కలరా ఉండల్లో సాధారణంగా ఉండేది నాఫ్తలీన్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బి వర్గంలో చేర్చింది. ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి ఎంజైమ్ లోపమున్న శిశువులకు ఆ ఉండలతో దాచిన బట్టలు తొడిగితే ఆ కణాలు చిట్లిపోవచ్చు. చీమల మందు సుద్దముక్క కూడా అంతే. చూడటానికి బడి సుద్దముక్క, లోపల సాధారణంగా డెల్టామెత్రినో, సైపర్‌మెత్రినో అనే పురుగుమందు. పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకోకుండా ఆపేది దాని ఆకారంలో ఏమీ లేదు. ఇంట్లోంచి ముందు తీసేయాల్సిన వస్తువు ఏదని అడిగితే స్ప్రే కన్నా ముందు దీన్నే చూపిస్తాను.

## అసలు చంపాలా

చాలాసార్లు అక్కర్లేదు. ఐదారు చీమలు అటూ ఇటూ దిక్కులు చూస్తూ తిరుగుతుంటే అవి దారి వెతికేవి, బారు ఇంకా కట్టలేదు. సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, వాటిని రప్పించినదేదో తీసేస్తే కథ అక్కడితో ముగుస్తుంది. పెద్ద వాన పడ్డాక మట్టి గూడు తడిసి లోపలికి వచ్చినవి కూడా ఎండ కాశాక చాలావరకు వెళ్ళిపోతాయి. బయట మట్టిలో చీమలు చేసే మేలు తక్కువది కాదు. మట్టిని గుల్లబారుస్తాయి, చచ్చిన పురుగులను ఎత్తేస్తాయి. వాటి గూటిని వెతుక్కుంటూ వెళ్ళి మరుగునీళ్ళు పోయడం నాకు నచ్చదు. గోడ లోపల గూడు ఉన్నప్పుడో, వారం దాటినా బారు ఆగనప్పుడో మాత్రమే ఎర.

సందులు మూయడంలో వరస ముఖ్యం. గోడ లోపల గూడుండగా సందు మూస్తే చీమలు ఇంకో గదిలో తేలతాయి. ముందు ఎర, బారు ఆగాక మూయడం. గూడు బయట ఉందని తెలిస్తే మాత్రం మొదటే మూయొచ్చు. చీమలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడాలంటే తిండి పట్టుకుని వెనక్కి వెళ్ళేదాన్ని వెంబడించండి, తిండి లేకుండా వచ్చేది తిప్పలు పెడుతుంది. సింకు కింద పైపు గోడలోకి దూరే చోటు, కిటికీ చట్రానికీ గోడకూ మధ్య, నేలకూ గోడకూ కలిసే ఓర, ఈ మూడు చోట్లే ఎక్కువ. 5, 6 మిల్లీమీటర్ల లోపు నెర్రెలకు పొడి చోట యాక్రిలిక్ సీలెంట్, తడి తగిలే చోట సిలికాన్. పెద్ద రంధ్రాలకు ముందు స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు. మురికీ జిడ్డూ తుడిచి, బాగా ఆరనిచ్చి పూయాలి. తడి గోడకు పూసింది నెలలోపే ఊడి వస్తుంది. స్విచ్ బోర్డు లోపల మాత్రం ఏదీ నింపకండి.

తిండి డబ్బా చుట్టూ నీళ్ళ పళ్ళెం పెట్టేవారు అందులో రెండు చుక్కల సబ్బు వేయండి. ఉత్త నీటి పైపొర చిన్న చీమల బరువు మోస్తుంది, దుమ్ము పడితే వంతెనే కట్టినట్టు. సబ్బు ఆ పొరను తెంచేస్తుంది. పళ్ళేన్ని గోడకు తగలనివ్వకండి.

## బొద్దింకలు

ఇక్కడా అదే సూత్రం, వివరాలు వేరు. ముందు ఏ బొద్దింకో చూడాలి. అరచేతి మీద పెద్దగా కనబడే ఎర్రటి గోధుమరంగుది ఎక్కువగా మురుగు కాలువ నుంచి వస్తుంది. దానికి జాలీ సన్నగా ఉన్న మూత, పైపు చుట్టూ సీలెంట్ చాలావరకు సరిపోతాయి. 12 నుంచి 15 మిల్లీమీటర్లుండి తల వెనక రెండు నల్ల చారలున్నది జర్మన్ బొద్దింక. అది ఇంట్లోనే పుడుతుంది, ఇంట్లోనే పెరుగుతుంది. ఆడది ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 పిల్లలను మోస్తుంది, పొదగబోయే దాకా సంచిని వదలదు. స్ప్రే తగలని సందులో ఒక్క ఆడది మిగిలినా చాలు.

దీని బలహీనత దాహం. తిండి లేకుండా కొన్ని వారాలు బతుకుతుంది, నీళ్ళు లేకపోతే రెండు వారాలు దాటడం కష్టం. రాత్రి పడుకునేముందు సింకు తుడిచి ఆరబెట్టడం, కారే కొళాయి వాషర్ మార్చడం, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేయడం ఏ మందుకూ తీసిపోవు. జిగురు అట్టలు అరడజను గోడ మూలల్లో, సింకు కింద, ఫ్రిజ్ వెనక పెట్టి వారం తర్వాత లెక్కపెట్టండి. ఎక్కడ ఎక్కువ పడితే గూడు అక్కడికి దగ్గర, పని అక్కడే మొదలుపెట్టాలి. అలమర వెనక, కదలని చట్రాల లోపల బోరిక్ యాసిడ్ పొడిని వేలితో గీస్తే మాత్రమే జాడ తెలిసేంత పలచగా పూస్తే, బొద్దింక దానిమీద నడిచి, కాళ్ళూ మీసాలూ శుభ్రం చేసుకుంటూ మింగుతుంది. చావడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఒకటుంది: తీపి ఎరను తిరస్కరించే బొద్దింకలు. 1993లో పరిశోధకులు జూల్స్ సిల్వర్‌మన్, డొనాల్డ్ బీమన్ గ్లూకోజ్‌ను ముట్టని జర్మన్ బొద్దింకల గురించి రాశారు. 2013లో సిల్వర్‌మన్, అయాకో వాడా-కత్సుమాతా, కోబీ షాల్ దాని కారణం చూపించారు. ఆ బొద్దింకల నాలుకకు గ్లూకోజ్ చేదుగా తగులుతోంది. ఏళ్ళ తరబడి తీపి ఎర తిన్నవి చచ్చాయి, తినలేనివి సంతానాన్ని కన్నాయి. కాబట్టి ఎర పద్ధతి ఎప్పటికీ ఓడదని నేను చెప్పలేను. బొద్దింకలకు ఎరగా పెట్టే ఒకే జెల్‌ను నెలల తరబడి వాడకుండా మారుస్తూ ఉండటం, రుచితో పనిలేని పొడిని, నీటి కట్టడిని దానికి తోడు పెట్టడం, ఇదే జవాబు.

## ఈగలు, పిండి పురుగులు

పండ్ల దగ్గర ముసిరే చిన్న ఈగ 25 డిగ్రీల దగ్గర పది రోజుల్లో గుడ్డు నుంచి ఈగవుతుంది. గ్లాసులో 100 మిల్లీలీటర్ల వెనిగర్, ఒక చుక్క సబ్బు వేస్తే అందులో పడి మునుగుతాయి. కానీ మగ్గిన పండో, చెత్తబుట్ట అడుగున తడో అలాగే ఉంటే గ్లాసు ఎన్నాళ్ళు పెట్టినా తరగవు. స్నానాల గదిలో బూరు రెక్కలతో గోడకు అతుక్కునే ఈగలు వేరు, అవి తూము లోపలి జిగట పొరలో పుడతాయి. రాత్రి తూము మీద జిగురు టేపును జిగురు వైపు కిందికి పెట్టి, గాలి ఆడేలా పక్కన కొంచెం ఖాళీ వదిలి అంటించండి; పొద్దున ఈగలు అంటుకుని ఉంటే తూమే కారణం. మరుగునీళ్ళు పోస్తే ఆ పొర చెక్కుచెదరదు, పీవీసీ పైపు మెత్తబడుతుంది. పొడుగు బ్రష్‌తో గీకి తీయడమే మందు.

ధాన్యంలో ముక్కు పురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి మూసేస్తుంది. జల్లించినా, చెరిగినా, పైన తిరిగేవే పోతాయి. కొత్తగా తెచ్చినదాన్ని చిన్న ప్యాకెట్లుగా -18 డిగ్రీల్లో నాలుగు రోజులు ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి, లేకపోతే తేమ పడుతుంది. తర్వాత రబ్బరు వలయం ఉన్న మూత డబ్బాలో పోయండి. అన్నిటికన్నా తక్కువ శ్రమతో, ఏ మందూ లేకుండా పూర్తిగా గెలవగలిగింది ఈ ఒక్క పురుగు మీదే. పుస్తకాల మధ్య వెండి రంగు పురుగులకు తేమ కావాలి; గాలిలో తేమ 50 శాతం లోపు నిలబెట్టగలిగితే అవి నిలవవు.

## ఈ పద్ధతి చాలని చోటు

నల్లులకు ఎర లేదు, అవి రక్తం తప్ప ఏదీ తాగవు. వేడి ఒక్కటే నమ్మదగిన ఆయుధం: బట్టలు 60 డిగ్రీల నీళ్ళలో ఉతకడం, డ్రయ్యర్ ఉంటే ఎక్కువ వేడి మీద అరగంట, పరుపు కుట్ల వెంట ఆవిరి యంత్రాన్ని చాలా నిదానంగా నడపడం. గోడ లోపలికి, మంచం కలప కీళ్ళలోకి పాకాక ఇంటివారి చేతిలో ఉండదు.

చెదలూ అంతే. వానల తర్వాత దీపం చుట్టూ రెక్కలు రాలిస్తే ముందు చూడాల్సింది అవి ఉసిళ్ళా (రెక్కలు వచ్చిన చెదలు), రెక్కల చీమలా అని. చీమకు నడుము సన్నగా, మీసం మోచేయిలా వంగి, ముందు రెక్కలు పొడుగ్గా ఉంటాయి. ఉసిలికి నడుము ఉండదు, మీసం తిన్నగా పూసల్లా ఉంటుంది, నాలుగు రెక్కలూ సమానం. ఉసిళ్ళు ఇంటి లోపలి నుంచే పుట్టుకొస్తున్నా, గోడ మీద మట్టి గొట్టాలు కనబడినా బోరిక్ యాసిడ్ ఎరతో, సబ్బు నీళ్ళతో కాలం గడపకండి. చెదల పని తెలిసిన నిపుణులను పిలవండి. పిలిచినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: మందు అసలు పేరేమిటి, గదిలో చల్లుతారా లేక మట్టిలోకి, గోడలోకి పంపుతారా, ఎర పెట్టే పద్ధతి వీలవుతుందా. వచ్చినవారు చెద ఎక్కడినుంచి వస్తోందో చూడకుండానే పిచికారీ గొట్టం విప్పితే, వారిని ఆపి, ముందు తడి ఎక్కడుందో చూపించమనండి. చెదలు చాలావరకు దాన్ని పట్టుకునే లోపలికి వస్తాయి, ఆ పైపు లీకో, కప్పు కారడమో బాగుచేయకుండా కొట్టిన మందు మళ్ళీ కొట్టాల్సి వస్తుంది.